రేవులో పరీక్ష ఉంది, రహదారిపై లేదు: మొక్కల ఆరోగ్యం ఎవరి బాధ్యత?

2025 ఆగస్టు చివర్లో అల్లూరి సీతారామరాజు జిల్లా అరకు ప్రాంతంలోని కొన్ని కాఫీ తోటల్లో ఒక కొత్త పురుగు బయటపడింది. పొడవు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లుండే నల్లని పెంకు పురుగు. కాయ కొసన సూదిమొనంత రంధ్రం చేసి లోపలికి దూరుతుంది. గింజలోనే గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు ఆ గింజనే తిని పెరుగుతాయి. చెట్టు మీద కాయ చాలా కాలం బాగున్నట్టే కనిపిస్తుంది; చేతిలోకి తీసుకుని, కొసను నిదానంగా చూస్తే తప్ప లోపలి నష్టం తెలియదు. కాఫీ బోర్డు శాస్త్రవేత్తలు, ఉద్యాన శాఖ, సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ సిబ్బంది రంగంలోకి దిగారు. పురుగు సోకిన కాయలను కోయించి, వేడినీటిలో ముంచి, గోతుల్లో పాతిపెట్టించే పని మొదలైంది. పంట పోగొట్టుకున్న గిరిజన రైతులకు పరిహారం ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది.

ఆఫ్రికాలో పుట్టి ప్రపంచంలోని కాఫీ దేశాలన్నిటినీ దాదాపుగా చుట్టివచ్చిన ఈ కాయతొలుచు పురుగు మన దేశానికి కొత్తది కాదు. 1990లోనే తమిళనాడులోని నీలగిరి జిల్లా గూడలూరు వద్ద దాన్ని గుర్తించారు. అక్కడి నుంచి వయనాడుకు, కొడగుకు పాకింది. తూర్పు కనుమలకు చేరడానికి మాత్రం 35 ఏళ్లు పట్టింది. గూడలూరుకూ అరకుకూ మధ్య వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం, అందులో అధిక భాగం కాఫీ మొక్క మొలవని మైదానం. ఇంత దూరం ఈ పురుగు సొంత రెక్కలపై ఎగిరి వచ్చే అవకాశం లేదు. గింజలోనో, గోనె సంచిలోనో, మరేదైనా సరుకుతోనో మనిషే దాన్ని మోసుకొచ్చి ఉండాలి. ఆ సంచి దాటి వచ్చిన రాష్ట్ర సరిహద్దుల్లో దాన్ని విప్పి చూడవలసిన బాధ్యత ఎవరిది? భారతదేశంలో ఈ ప్రశ్నకు సూటి సమాధానం లేదు.

మనుషులకు ఆరోగ్య శాఖ ఉంది, పశువులకు పశువైద్యాధికారి ఉన్నాడు. మొక్కల ఆరోగ్యానికి మాత్రం దేశపు గడప దగ్గర కాపలా ఉంది, గడప దాటాక లేదు.

గడప దగ్గర జరిగేది ఏమిటో ముందుగా చూద్దాం. విదేశాల నుంచి విత్తనం, పండు, కలప, పప్పు, నాటే మొక్క ఏది వచ్చినా 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వుకు లోబడాలి. దానికి మాతృక 1914లో వలస ప్రభుత్వం చేసిన విధ్వంసక కీటకాలు, తెగుళ్ల చట్టం. ఫరీదాబాద్ కేంద్రంగా 1946 నుంచి పనిచేస్తున్న మొక్కల సంరక్షణ, క్వారంటైన్, నిల్వల డైరెక్టరేట్ ఈ ఉత్తర్వును అమలు చేస్తుంది. విశాఖపట్నం రేవులోనూ, హైదరాబాద్ విమానాశ్రయంలోనూ దాని కార్యాలయాలున్నాయి. ఏ దేశం నుంచి ఏ మొక్క అసలే రాకూడదు, ఏది పరిశోధన సంస్థలకు మాత్రమే రావచ్చు, ఏది అదనపు షరతులతో రావచ్చు అన్నది ఉత్తర్వులోని షెడ్యూళ్లు చెబుతాయి. ఎగుమతి చేసే దేశపు అధికారి సంతకంతో మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం వెంట ఉండాలి.

పత్రం సరిగ్గా ఉన్నంత మాత్రాన పని పూర్తి కాదు. తనిఖీ అధికారి ఓడలోని గింజల రాశి నుంచి వేర్వేరు చోట్ల నమూనాలు తీస్తాడు. జల్లెడ పట్టి కింద రాలిన దుమ్మును భూతద్దంతో చూస్తాడు. పండైతే కోసి చూస్తాడు. విత్తనమైతే ప్రయోగశాలకు పంపి, తడి కాగితంపై మొలకెత్తించి, ఏ శిలీంధ్రం బయటపడుతుందో గమనిస్తారు. చెక్కపెట్టెలు, అట్టడుగు పలకలు కూడా తనిఖీ పరిధిలోనివే. కలప లోపలి భాగం 56 డిగ్రీల సెల్సియస్ వద్ద కనీసం 30 నిమిషాలు వేడెక్కిందనో, విషవాయువుతో శుద్ధి జరిగిందనో తెలిపే అంతర్జాతీయ ముద్ర వాటిపై ఉండాలి. తేడా కనిపిస్తే సరుకుకు పొగపెడతారు, వెనక్కి పంపుతారు, లేదా కాల్చేస్తారు. పరిశోధన కోసం వచ్చే విత్తనాలకు మరింత కట్టుదిట్టమైన దారి ఉంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌కు ప్రపంచం నలుమూలల నుంచి వచ్చే జొన్న, కంది, శనగ, వేరుశనగ నమూనాలను రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల జన్యువనరుల సంస్థ ప్రాంతీయ కేంద్రం పరీక్షించాకే పొలంలోకి అనుమతిస్తారు.

ఈ పనికి తెలుగులో స్థిరపడిన పేరు లేదు. క్వారంటైన్ అన్న మాట వెనీసు రేవులో ఓడలను నిలిపి ఉంచిన నలభై రోజుల గడువు నుంచి పుట్టింది. కరోనా కాలంలో ఆ మాట మన పల్లెలకూ చేరింది గానీ, దాన్ని వంకాయకూ కొబ్బరి మొక్కకూ వర్తింపజేయవచ్చునని చాలామందికి తోచదు. రైతుకు తెలిసినవి పురుగు, తెగులు, చీడ. మూడూ పంట మీదికి వచ్చాక వాడే మాటలే. రాకముందు జరగవలసిన పనికి ఆయన భాషలో పదం లేదంటే, ఆ పని చేసే మనిషి ఆయన ఊళ్లోకి ఎన్నడూ రాలేదనుకోవాలి.

రేవులోని కాపలా కూడా అన్ని వేళలా ఒకేలా ఉండదు. ధరలు పెరిగినప్పుడు అది సడలుతుంది. 2020 అక్టోబరులో ఉల్లి ధర మండిపోతున్నప్పుడు, దిగుమతి చేసుకునే ఉల్లిపాయలకు క్వారంటైన్ ఉత్తర్వు విధించిన పొగపెట్టే షరతును, ధ్రువపత్రంలో ఉండవలసిన అదనపు హామీని కేంద్రం తాత్కాలికంగా సడలించింది. గడువును తర్వాత పొడిగించింది కూడా. పప్పుల విషయంలోనూ ఇలాంటి వెసులుబాట్లు పలుమార్లు ఇచ్చారు: బయలుదేరే రేవులోనే పొగపెట్టి పంపాలన్న నిబంధనను పక్కనబెట్టి, ఇక్కడికి వచ్చాక పెట్టుకోవచ్చన్నారు. వినియోగదారుడి కోణంలో ఈ నిర్ణయాలను తప్పుపట్టలేం. కానీ ఇటువంటి సడలింపులో దాగిన ముప్పు ఎంతో ఆనాటి ధరల పట్టికలో కనిపించదు. అది కనిపించేసరికి పదేళ్లు గడవవచ్చు, అప్పటికి ఏ ఓడ నుంచి ఏది దిగిందో చెప్పగలవారు ఉండరు.

ఆ నష్టం ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి పొలం గట్టు చూస్తే చాలు. అమెరికా నుంచి 1950లలో దిగుమతైన గోధుమలతో పాటు వచ్చిందని విస్తృతంగా నమ్మే పార్థీనియం కలుపు ఆ దశకం మధ్యలో పుణెలో శాస్త్రవేత్తల కంటపడింది. ఇవాళ దాన్ని వయ్యారిభామ అంటున్నాం. అది లేని ఊరు తెలుగు రాష్ట్రాల్లో కనబడదు.

బయటికి వెళ్లే సరుకు కథ దీనికి భిన్నం. అక్కడ తనిఖీ ఎంత పకడ్బందీగా ఉండాలో కొనుగోలుదారు దేశం నిర్ణయిస్తుంది. 2013లో భారత్ నుంచి వెళ్లిన కూరగాయలు, పండ్లలో 207 సరుకుల్లో పండుఈగలూ ఇతర చీడలూ కనిపించాయన్న కారణంతో ఐరోపా సమాఖ్య 2014 మే 1 నుంచి మన మామిడి, వంకాయ, చేమ, కాకర, పొట్లకాయలపై నిషేధం విధించింది. దాంతో నెలల వ్యవధిలోనే వ్యవస్థ కదిలింది. గుర్తింపు పొందిన ప్యాకింగ్ కేంద్రాల ద్వారానే, క్వారంటైన్ అధికారి సమక్షంలోనే ఎగుమతి జరగాలన్న నియమం బిగిసింది. 2015 జనవరిలో మామిడిపై నిషేధం తొలగింది. అమెరికాకు వెళ్లే మామిడి 400 గ్రేల వికిరణ శుద్ధి పొందాలి, ఆ కేంద్రంలో అమెరికా వ్యవసాయ శాఖ అధికారి స్వయంగా ఉండాలి. 2025 మేలో నవీ ముంబయి నుంచి వెళ్లిన 15 మామిడి సరుకులను శుద్ధి పత్రాల్లో లోపాలున్నాయంటూ అమెరికా విమానాశ్రయాల్లో అడ్డుకున్నారు. తిరిగి తెచ్చుకునే ఖర్చు భరించలేక ఎగుమతిదారులు పండ్లను అక్కడే ధ్వంసం చేయించుకున్నారు. ఒక కాగితంలోని తప్పు అంత ఖరీదైనది.

లండన్‌లో మామిడి తినేవాడి కోసం మనం నెలల్లో కట్టగలిగిన వ్యవస్థను అరకు రైతు కోసం 35 ఏళ్లలో ఎందుకు కట్టలేకపోయాం? డబ్బు లేకనో, శాస్త్రజ్ఞానం లేకనో అనుకుంటే పొరపాటు. ఈ పని ఎవరిదో తేలకపోవడమే అసలు కారణం.

రాజ్యాంగం ఏడో షెడ్యూలు చూస్తే చిక్కుముడి అర్థమవుతుంది. రేవుల్లో క్వారంటైన్ కేంద్ర జాబితాలో 28వ అంశం. రాష్ట్రాల మధ్య క్వారంటైన్ కూడా కేంద్ర జాబితాలోనిదే, 81వ అంశం. పంటలను చీడల నుంచి రక్షించడం, మొక్కల తెగుళ్ల నివారణ రాష్ట్ర జాబితాలో 14వ అంశం. ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి మనుషుల, పశువుల, మొక్కల అంటురోగాలు, చీడలు వ్యాపించకుండా ఆపడం ఉమ్మడి జాబితాలో 29వ అంశం. ఒకే పురుగు, మూడు జాబితాలు. పొలంలో ఉన్నంతసేపు అది రాష్ట్రానిది; లారీ ఎక్కితే కేంద్రానిది; సరిహద్దు దాటే క్షణంలో ఇద్దరిదీ. ఇద్దరిదీ అయిన పని సాధారణంగా ఎవరిదీ కాకుండా పోతుంది.

చట్టం చేతిలో లేక కాదు. నీలగిరుల్లో 1961లో బంగాళాదుంపను తినే బంగారు నులిపురుగు బయటపడినప్పుడు, అక్కడి విత్తన దుంపలు ఇతర రాష్ట్రాలకు వెళ్లకుండా 1914 చట్టం కింద ఆంక్షలు పెట్టారు. అరటిలో గుబురుతల తెగులుకూ అటువంటి ప్రకటనలే ఉన్నాయి. అంతకంటే ముందే, 1919లో మద్రాసు ప్రెసిడెన్సీ చీడలు, తెగుళ్లపై ప్రత్యేక చట్టం చేసింది. పంట తీసిన పత్తి మోళ్లను గడువులోగా పీకివేయాలని రైతును ఆదేశించే అధికారం అందులో ఉండేది. వందేళ్ల తర్వాత గులాబీరంగు పురుగు విషయంలో మన వ్యవసాయ విశ్వవిద్యాలయాలు రైతుకు చెబుతున్నదీ దాదాపు అదే. కాకపోతే ఆనాడది ఆదేశం, ఈనాడది సలహా. ప్రకటనలు గెజిట్లలో ఉన్నాయి. వాటిని రోడ్డు మీద అమలుచేసే మనిషి లేడు. పాత చట్టంలోని జరిమానాలు కూడా లారీ యజమాని పట్టించుకోదగినవి కావు.

రాష్ట్రంలో ఈ బాధ్యతకు దగ్గరగా ఉన్నది మండల వ్యవసాయాధికారి. ఆ ఒక్క ఉద్యోగి నెత్తిన ఎన్ని టోపీలున్నాయో లెక్కపెడితే ఆశ్చర్యం కలుగుతుంది. 1966 చట్టం కింద విత్తన ఇన్‌స్పెక్టరు. 1968 చట్టం కింద పురుగుమందుల ఇన్‌స్పెక్టరు. 1985 ఉత్తర్వు కింద ఎరువుల ఇన్‌స్పెక్టరు. యూరియా కొరత వస్తే దుకాణం ముందు వరుసలు సర్దవలసిందీ, నకిలీ విత్తనాల గోదాముపై దాడికి వెళ్లవలసిందీ, తుపాను వస్తే నష్టం లెక్కగట్టవలసిందీ, పథకాల లబ్ధిదారుల జాబితా సరిచూడవలసిందీ ఆయనే. తెలంగాణలో అయిదు వేల ఎకరాలకు ఒక విస్తరణాధికారిని నియమించారు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయి సహాయకులున్నారు. దేశంలో చాలా రాష్ట్రాలకు ఈపాటి యంత్రాంగం కూడా లేదు. అయినా వీరిలో ఎవరి ఉద్యోగ వివరణలోనూ మొక్కల ఆరోగ్య తనిఖీ మొదటి వరుసలో ఉండదు. పురుగు వచ్చాక మందు చెప్పడం వీరి పని. అది ఊళ్లోకి వస్తున్న బండిని ఆపడం కాదు.

ఆ బండి ఎక్కడి నుంచి బయలుదేరుతుందో చూడాలంటే తూర్పు గోదావరి జిల్లా కడియం వెళ్లాలి. కడియం, కడియపులంక పరిసరాల్లోని నర్సరీల నుంచి కొబ్బరి, మామిడి, పూల మొక్కలు, అలంకరణ మొక్కలు దేశంలోని దాదాపు అన్ని ప్రాంతాలకూ లారీల్లో వెళతాయి. బయటి నుంచి మొక్కలు అక్కడికీ వస్తాయి. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి, కేరళ కొబ్బరి తోటల్లో ఒక కొత్త తెల్లదోమ కనిపించింది. మధ్య అమెరికా నుంచి వచ్చిన ఈ దోమ ఆకు అడుగున గుండ్రంగా సుళ్లు తిరిగినట్టు గుడ్లు పెడుతుంది కాబట్టి దానికి సర్పిలాకార తెల్లదోమ అని పేరుపెట్టారు. అదే ఏడాది చివరికి అది కడియపులంక నర్సరీల్లో ప్రత్యక్షమైంది. తర్వాత కోనసీమ కొబ్బరినీ, గోదావరి జిల్లాల ఆయిల్‌పామ్‌నూ నల్లని మసితో కప్పేసింది. పొల్లాచ్చి నుంచి కడియానికి కొన్ని నెలలే పట్టింది. కాఫీ పురుగు 35 ఏళ్లలో చేసిన ప్రయాణానికి దగ్గర దూరమే ఇది. తేడా రెక్కల బలంలో లేదు. నాటే మొక్కల వ్యాపారం నడిచే దారిలో చీడ వేగంగా వెళుతుంది, ఆ దారి లేనిచోట నిదానంగా వెళుతుంది.

అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం ఈ దోమపై పనిచేసే శిలీంధ్రాన్ని పెంచి రైతులకు అందించడం, దోమతోపాటే దేశంలోకి వచ్చిన ఒక పరాన్నజీవి కందిరీగ కూడా సాయపడటం కొంత ఊరట. ఈ కందిరీగ సంగతి చిత్రమైనది: దానికి అనుమతి పత్రమూ లేదు, దిగుమతి షరతూ లేదు, శత్రువు వెన్నంటే వచ్చింది. అన్నిసార్లూ అలాంటి అదృష్టం ఉండదు.

మిరప రైతుకు ఆ అదృష్టం దక్కలేదు. ఆగ్నేయాసియాకు చెందిన ఒక తామర పురుగును మన దేశంలో మొదట 2015లో బెంగళూరులో బొప్పాయి మొక్కలపై చూశారు. అప్పట్లో అది శాస్త్ర పత్రికలో ఒక నమోదు మాత్రమే. 2021లో గుంటూరు, ప్రకాశం, ఖమ్మం జిల్లాల మిరప చేలల్లో అదే పురుగు పూతను మొత్తంగా రాల్చేసింది. నల్ల తామర పురుగు అన్న పేరు అప్పుడు పుట్టింది. ఎకరాకు లక్షకు పైగా పెట్టుబడి పెట్టిన రైతులు పూత లేని చేలను దున్నేశారు. కౌలుకు చేసినవారి సంగతి చెప్పనవసరం లేదు. మధ్యలో గడిచిన ఆరేళ్లలో, ఈ పురుగు ఏయే పంటలకు ఎక్కుతుందో గమనిస్తూ, మొక్కల రవాణాపై కన్నేసి, రాష్ట్రాలకు హెచ్చరికలు పంపే పని ఎవరికీ అప్పగించలేదు.

తనిఖీతో అన్నిటినీ ఆపవచ్చునని చెప్పడం అతిశయోక్తి. 2018 మేలో కర్ణాటకలోని శివమొగ్గ మొక్కజొన్నలో కనిపించి, కొద్ది నెలల్లోనే తెలుగు రాష్ట్రాలకు వచ్చిన కత్తెర పురుగు రెక్కల పురుగు దశలో గాలివాటున రాత్రికి రాత్రే పదుల కిలోమీటర్లు దాటగలదు. దాన్ని ఏ చెక్‌పోస్టూ ఆపలేదు. రాజస్థాన్ సరిహద్దులో మిడతల దండును ఏ తనిఖీ అధికారీ నిలువరించలేడు. అందుకే అక్కడ 1939 నుంచి హెచ్చరిక సంస్థ వేరుగా ఉంది. ఎగిరే చీడ వేరు, మోసుకెళ్లే చీడ వేరు. రెండో రకంలో మనిషి చేతి ప్రమేయం ఉంది కనుక మనిషి ఆపగలడు. రెండింటినీ ఒకే గాట కట్టి, ఎలాగూ వస్తుందని చేతులెత్తేయడం మన వ్యవసాయ శాఖల పాత అలవాటు.

పొరుగు దేశంలో ముప్పు వచ్చినప్పుడు ఏం చేయవచ్చో ఒక రాష్ట్రం చూపించింది. 2016లో బంగ్లాదేశ్‌లో గోధుమను అగ్గితెగులు సోకింది. దక్షిణ అమెరికాకు పరిమితమైన ఈ తెగులు ఆసియాలో కనిపించడం అదే మొదలు. దాదాపు 15 వేల హెక్టార్లలో పంట దెబ్బతిన్నది. జన్యు పరీక్షలు ఆ శిలీంధ్రానికి దక్షిణ అమెరికా మూలమేనని తేల్చాయి. పంజాబ్, హరియాణాలకు అది చేరితే దేశపు తిండిగింజలకే ముప్పు. మరుసటి ఏడాది పశ్చిమ బెంగాల్ సరిహద్దు జిల్లాల్లో అనుమానిత చేలను తగలబెట్టారు, రైతులకు పరిహారం ఇచ్చారు. ముర్షిదాబాద్, నదియా జిల్లాల్లోనూ, మిగిలిన చోట్ల సరిహద్దు పొడవునా అయిదు కిలోమీటర్ల మేర గోధుమ సాగునూ కొన్నేళ్లపాటు ఆపించారు. పప్పులు, నూనెగింజలు వేసుకోమన్నారు. రైతులకది చేదు మందే. గోధుమ అక్కడ ప్రధాన పంట కాకపోవడం వల్ల ఆ నిర్ణయం కొంత తేలికైందన్నదీ నిజమే. అయినా కేంద్రం, రాష్ట్రం, పరిశోధన సంస్థ కలిసి ఒకే గీత గీసి, దానిపై నిలబడిన అరుదైన సందర్భం అది. రాజ్యాంగంలోని మూడు జాబితాలూ ఆనాడు అడ్డురాలేదు.

మొక్కల ఆరోగ్య తనిఖీని రాష్ట్ర ఉద్యోగంగా మార్చుకున్న దేశాల్లో అమెరికా ముఖ్యమైనది. అక్కడ రేవులు కేంద్రానివి, నర్సరీలూ రహదారులూ రాష్ట్రాల వ్యవసాయ శాఖలవి. కాలిఫోర్నియాలోకి వచ్చే ప్రధాన రహదారులపై 16 తనిఖీ కేంద్రాలున్నాయి. కారు ఆపి పండ్లు, మొక్కలు ఉన్నాయా అని అడుగుతారు. బయటి నుంచి నర్సరీకి వచ్చిన మొక్కలను అధికారి చూసి వదిలేదాకా అమ్మడానికి వీల్లేదు. పార్సిళ్లను వాసన చూసే శిక్షణ పొందిన కుక్కలున్నాయి. ఈ తనిఖీ అధికారుల గురించి అక్కడి తెలుగువారికి కొంత అనుభవపూర్వకంగానే తెలుసు, కారణం కరివేపాకు. నిమ్మజాతి చెట్లను చంపే గ్రీనింగ్ తెగులును మోసే చిన్న కీటకానికి కరివేప మొక్క ఇష్టమైన ఆవాసం. ఆ కీటకం 2008లో కాలిఫోర్నియాలో కనిపించాక పెరటి కరివేప మొక్క కూడా తనిఖీ పరిధిలోకి వచ్చింది. మొక్కను ఒక కౌంటీ నుంచి మరొక కౌంటీకి తీసుకెళ్లడానికి ఆంక్షలున్నాయి. ఇంటి నుంచి వెళ్లే అమ్మానాన్నల పెట్టెలో తాజా కరివేపాకు, బియ్యం పట్టుబడటానికి కారణం అధికారి మొండితనం కాదు. బియ్యంలో వాళ్లు వెతికేది ఖాప్రా పురుగును. ప్రపంచమంతా దాన్ని మన హిందీ పేరుతోనే పిలుస్తుంది.

ఆ వ్యవస్థ కూడా ఓడిపోయిన సందర్భం ఉంది. ఫ్లోరిడాలో ఇదే కీటకాన్ని 1998లో, గ్రీనింగ్ తెగులును 2005లో గుర్తించారు. ఆ మధ్యకాలంలో కీటకం నర్సరీ మొక్కలపైనే రాష్ట్రమంతటికీ వెళ్లిపోయింది. 2003-04లో 24 కోట్ల పెట్టెలున్న ఫ్లోరిడా నారింజ దిగుబడి 2024-25లో సుమారు 1.2 కోట్ల పెట్టెలకు పడిపోయింది. తుపానులూ, స్థిరాస్తి వ్యాపారమూ కొంత కారణమే. కానీ అసలు దెబ్బ కొట్టింది తెగులే. ఆ పాఠం చూసి కాలిఫోర్నియా నిమ్మజాతి రైతులు అమ్మే ప్రతి పెట్టెపై రుసుము కట్టి తనిఖీ ఖర్చులో భాగం పంచుకుంటున్నారు. నల్లగొండ, అనంతపురం బత్తాయి రైతులకు గ్రీనింగ్ పాత పరిచయమే. తాము కొన్న అంటు మొక్క ఏ చెట్టు మొగ్గతో కట్టిందో, ఆ తల్లిచెట్టుకు తెగులు ఉందో లేదో చెప్పే పత్రం మాత్రం వారిలో చాలామందికి ఇప్పటికీ అందదు.

ఇక్కడ ప్రయత్నాలు జరగలేదని అనలేం. 1914 చట్టం స్థానంలో వ్యవసాయ జీవభద్రత ప్రాధికార సంస్థను ఏర్పాటు చేసే బిల్లును 2013 మార్చిలో లోక్‌సభలో ప్రవేశపెట్టారు. మొక్కలు, పశువులు, చేపలకు సంబంధించిన క్వారంటైన్ బాధ్యతలన్నీ ఒక గొడుగు కిందకు తేవడం దాని లక్ష్యం. 2014లో సభ రద్దవడంతో బిల్లు మురిగిపోయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2010లో ఉద్యాన నర్సరీల నమోదు చట్టం చేసింది. దాని దృష్టి ప్రధానంగా మొక్క నాణ్యతపైనే. చీడ లేని పండ్ల మొక్కల ఉత్పత్తికి 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం రూ.1,765.67 కోట్లతో తొమ్మిది కేంద్రాల పథకాన్ని ఆమోదించింది. అదే నెలలో, ఫొటో తీసి పంపితే పురుగును గుర్తించి చెప్పే జాతీయ చీడల నిఘా యాప్ కూడా ప్రారంభమైంది. రెండూ మంచివే. అయితే మొదటిది మొక్క పుట్టే చోట, రెండోది చీడ సోకిన చోట పనిచేస్తాయి. మధ్యలోని రహదారి ఖాళీగానే ఉంది. యాప్‌కు లారీ ఆపే అధికారం లేదు.

అందరూ కొత్త చట్టం అడుగుతారు. చట్టం వచ్చేదాకా ఆగనవసరం లేదన్నది ఈ రచయిత అభిప్రాయం. దేశమంతటా నాకాబందీ అక్కర్లేదు. చీడ ప్రయాణించే దారులు కొన్నే, అవి తెలిసినవే. కడియం వంటి నర్సరీ కేంద్రాలు, మిరప నారు పెంచే షేడ్‌నెట్లు, అంటుకట్టే బత్తాయి నర్సరీలు, కాఫీ గింజల గోదాములు. ఒక్కో రాష్ట్రంలో యాభై, అరవై మంది చీడశాస్త్రం చదివిన అధికారులు, యూరియా, పథకాలు, లెక్కల పని లేకుండా, ఈ కేంద్రాలను నెలకోసారి చూసి మొక్కల కట్టకు పత్రం ఇస్తే చాలావరకు పని జరుగుతుంది. ఎగుమతి సరుకుకు ధ్రువపత్రం ఇచ్చే అధికారాన్ని రాష్ట్ర అధికారులకు కూడా కేంద్రం ఇప్పటికే అప్పగించిన సందర్భాలున్నాయి. అదే పద్ధతిని లోపలి రవాణాకు విస్తరించవచ్చు. నర్సరీల యజమానులు దీన్ని అదనపు ముడుపుల దారిగా చూసి భయపడతారు. ఆ భయం నిరాధారం కాదు. పత్రం ఉన్న మొక్కకే బ్యాంకు రుణం, ప్రభుత్వ రాయితీ వర్తిస్తాయంటే, ఆ పత్రం విలువ వారికే తెలిసివస్తుంది.

అంతకంటే కష్టమైనది పరిహారం. కొత్త చీడను మొదట చూసేది రైతు. అధికారికి చెబితే తోట నరికేస్తారేమో, సరుకు కొనరేమో అన్న భయం ఉంటే చెప్పడు. ఎవరూ చూడకముందే అమ్మేస్తాడు, దాంతో చీడ మరో ఊరికి వెళుతుంది. పరిహారం ముందే చట్టబద్ధంగా నిర్ణయమై ఉంటే చెబుతాడు. పశువులకు అంటురోగం వచ్చి కోళ్లను చంపవలసి వస్తే చెల్లించవలసిన మొత్తాలు మన దేశంలో ముందే ఖరారై ఉన్నాయి. మొక్కకు అటువంటి పట్టిక లేదు. బెంగాల్‌లో, అరకులో ఇచ్చిన హామీలు అప్పటికప్పుడు తీసుకున్న నిర్ణయాలు.

అరకులో కాఫీ కోత నవంబరులో మొదలై జనవరి దాకా సాగుతుంది. కోత అయ్యాక చెట్టు మీద మిగిలిన కాయలు, కింద రాలిన కాయలు ఈ పురుగుకు వేసవి గడిపే ఇళ్లు. వాటిని ఒక్కటి కూడా వదలకుండా ఏరాలని కాఫీ బోర్డు చెబుతోంది. ఏటవాలు కొండల్లో, మిరియాల తీగలు అల్లుకున్న నీడ చెట్ల కింద, ఎకరా రెండెకరాల తోటలున్న గిరిజన కుటుంబాలు చేయవలసిన పని ఇది. ఏరే కూలికి డబ్బు ఎవరిస్తారు, ఏరిన తర్వాత చూసి ధ్రువీకరించేది ఎవరు, కొనుగోలుదారు తెచ్చే గోనె సంచులను శుభ్రం చేయించేది ఎవరు అన్న మూడు ప్రశ్నలకు ఈ కోత కాలంలోనే జిల్లా యంత్రాంగం సమాధానం చెప్పవలసి ఉంది.